పేరు లేని మనవి

షాలోమి పని వినడం.

నూజివీడులో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కొట్టు మీద మేడగది. మెట్లెక్కి వచ్చేవాళ్లకి ముందు మందుల వాసన తగులుతుంది, ఆ తర్వాత షాలోమి కనబడుతుంది. ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీకి ఆకుపచ్చ కర్టెన్. బయట వరండాలో ఒక బెంచీ. ఏలూరులోని ఒక ట్రస్టు ఆ గదిని నడుపుతోంది. భర్త కొట్టినవాళ్లు, అత్త గెంటేసినవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని ఎటు పోవాలో తెలియనివాళ్లు వస్తారు. చెబుతారు. ఆమె వింటుంది. వాళ్లు వెళ్లేటప్పుడు కర్టెన్ కాస్త జరిపి, కింద రోడ్డు మీద ఎవరైనా కాచుకుని ఉన్నారేమో చూసి, అప్పుడు పంపిస్తుంది.

పదకొండేళ్లుగా అదే పని. చేరిన రోజున ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏడు నియమాలు. మొదటిది: చెప్పినవాళ్లు ఒప్పుకోకుండా ఏ మాటా ఈ గది దాటకూడదు. ఒక ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప. ఆ కాగితం నకలు ఆమె ఇంట్లో, ఆగిరిపల్లిలో, బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంటుంది.

ఆమె భర్త డేవిడ్ రాజు మామిడికాయల లారీలకి గుమాస్తా. రోజూ సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుంటే ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ ఎంతమంది?"

"నలుగురు."

"పాపం," అనేవాడు. ఇంకేమీ అడిగేవాడు కాదు. ఎవరని గానీ, ఎందుకని గానీ. కిడ్నీలు పాడై అతను పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లల్లేరు. ఎంతమంది అని అడిగేవాళ్లు ఇప్పుడు లేరు. ఆమె మాత్రం చెప్పులు విప్పేటప్పుడు ఆ అంకె ఒకసారి మనసులో అనుకుంటుంది.

ఏడో నియమం ఇంకా కష్టమైనది. ఆ గదికి వచ్చినవాళ్లు బజార్లో ఎదురైతే వాళ్లు పలకరించేదాకా పలకరించకూడదు. పక్కన ఎవరున్నారో, ఏమని అడుగుతారో తెలియదు కదా. ఆగిరిపల్లిలో కూరగాయల దగ్గర, ఆటోల్లో, పెళ్లిళ్లలో, ఎవరి వీపు మీద ఏ మచ్చ ఉందో తెలిసిన మనుషుల మధ్య ఆమె తల వంచుకుని నడుస్తుంది. షాలోమికి పొగరు అని ఊళ్లో అనుకుంటారు. ఆమె ఆ మాట విన్నది. ఊరుకుంది.

ఆమెకి ఉన్నదల్లా మంగళవారం. మధ్యాహ్నం మూడింటికి పాస్టరుగారింటి వరండాలో స్త్రీల కూడిక. పది పన్నెండు మంది చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. ట్రస్టువాళ్లు ఆమెకి మంగళవారం మధ్యాహ్నాలు వదిలిపెట్టారు, బదులుగా ఆదివారం సాయంత్రం ఆఫీసుకి వచ్చే ఫోన్లు చూసుకుంటుంది. పాట అయ్యాక పాస్టరుగారి భార్య గ్లోరీ అమ్మగారు ఒక్కొక్కరినీ అడుగుతుంది, ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని. కూతురి పరీక్ష, కోడలి కడుపు, గేదె ఈనడం, పూత రాలడం, అన్నీ మనవులే. షీబా నోటుబుక్కులో రాస్తుంది. ఆ వారమంతా ఎవరిళ్లలో వాళ్లు ఆ మనవుల కోసం ప్రార్థిస్తారు. అడిగినది జరిగితే, అడిగిన మనిషి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. షీబా ఆ మనవి పక్కన టిక్కు పెడుతుంది.

షీబాకి నలభై ఉంటాయి. కోతల కాలంలో తోటల్లో కాయ ఏరుడు పనికి వెళుతుంది. మాట ఆగదు, చెయ్యీ ఆగదు.

"షాలోమక్క పేరు మీద ఒక్క మనవి లేదండీ ఈ పుస్తకంలో," అనేది నవ్వుతూ. "నాలుగు పుస్తకాలు నిండాయి. ఆవిడకి కష్టాలే లేవు."

"ఉన్నా మనకి చెప్పదులే," అనేది ఇంకొకావిడ. "ఆఫీసు మనిషి."

"దేవుడికి డైరెక్టుగా ఫోన్ చేస్తుందేమో."

అందరూ నవ్వేవారు. షాలోమీ నవ్వేది. ఆ నవ్వుల మధ్య కూర్చోవడం ఆమెకి బాగుండేది.

*

వెంకటలక్ష్మి ఫిబ్రవరిలో వచ్చింది. తోటలు పూత మీద ఉన్నాయి. ఆగిరిపల్లి దగ్గర ఒక కౌలు తోటలో ఆమె, భర్త చిన్నయ్య కాపలా ఉంటారు. పాకలోనే కాపురం. ముప్పై ఏళ్ల మనిషి. ముంజేతుల మీద మామిడి సొన కాల్చిన నల్లని మచ్చలు. ఎడమ చెయ్యి మోచేతి కింద వాచి, నాటువైద్యుడు కట్టిన వెదురుబద్దల కట్టులో ఉంది.

"ఎలా అయింది?"

"చెట్టు మీంచి పడ్డానని చెప్పమన్నాడండి. అందరికీ అదే చెప్పాను. మీకూ అదే చెప్పమంటారా?"

"మీ ఇష్టం."

వెంకటలక్ష్మి కాసేపు కర్టెన్ వైపు చూసింది. "నిజం చెబుతాను. ఒకళ్లకన్నా చెప్పాలిగా."

చిక్కం కర్రతో కొట్టాడు. కాయ కోయడానికి చివర వల కట్టిన పొడుగాటి వెదురు గడ. రెండేళ్లలో ఇది మూడోసారి. మొదటిసారి వీపు, రెండోసారి చెవి. తాగి కాదు, తాగడు. కౌలుదారు వచ్చినప్పుడు ఆమె నవ్వుతూ మాట్లాడిందని.

"ఈసారి చెయ్యి అడ్డం పెట్టానండి. లేకపోతే తలే."

ఆ మధ్యాహ్నమే షాలోమి ఆమెని తీసుకుని రెండు బస్సులు మారి చింతలపూడి వెళ్లింది. అక్కడ జోజమ్మ అనే పెద్దావిడ ఆడవాళ్ల హాస్టలు ఒకటి నడుపుతుంది. వెనకవైపు రెండు గదులు ఇలాంటి వాళ్ల కోసం ఉంచింది. వెంకటలక్ష్మి ఎక్కడుందో తెలిసినవాళ్లు ముగ్గురు: షాలోమి, జోజమ్మ, ట్రస్టు పనులు చూసే రామకృష్ణ.

బస్సు దిగేటప్పుడు వెంకటలక్ష్మి ఒకటే అడిగింది. "నేను బతికున్నానని కూడా ఎవరికీ చెప్పకండి మేడంగారూ."

షాలోమి మాట ఇచ్చింది.

*

చిన్నయ్య తర్వాతి సోమవారం వచ్చాడు. అతని భార్య ఆ మెట్లెక్కడం ఎవరో ఆటో అతను చూశాడట. సన్నటి మనిషి, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆవిడ మీ దగ్గరికి వచ్చిందంటండి."

"ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో మేం ఎవరికీ చెప్పమండి."

"చెప్పకండి. బతికుందో లేదో చెప్పండి, చాలు."

"అదీ చెప్పలేనండి."

"నోటితో చెప్పక్కర్లేదండి. తల ఊపండి."

షాలోమి మెడ బిగబట్టుకుని కూర్చుంది. ఆ రోజంతా మెడ నొప్పి పెట్టింది.

అతను ప్రతి సోమవారం వచ్చేవాడు. పోలీసుల దగ్గరికి వెళ్లలేదు, వెళితే చెయ్యి సంగతి అడుగుతారు. బయట బెంచీ మీద గంటసేపు కూర్చుని వెళ్లేవాడు. ఒక సోమవారం, "అది ఏ బావిలోనో దూకుంటుంది. నేనూ దూకుతానండి, ఇద్దరి లెక్కా సరిపోద్ది," అన్నాడు. షాలోమి భయపడి రామకృష్ణకి ఫోన్ చేసింది.

"నిజంగానే ఆ పని చేస్తాడనిపిస్తోందా మీకు?"

"తెలియడం లేదండి."

"అయితే ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపండి. ఆయన ప్రాణం సంగతి విడిగా చూద్దాం. ఆవిడ సంగతి మాత్రం దానికి ముడిపెట్టకండి. తేడా మీకు తెలుసు కదా షాలోమిగారూ."

తెలుసు. ఆమె చిన్నయ్యకి డాక్టరు పేరు, వెళ్లాల్సిన రోజు రాసిచ్చింది. ఆ కాగితం అతను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లలేదు.

మార్చి చివర ఒక ఉదయం ఆమె స్కూటీ మీద ఆఫీసుకి వెళుతోంది. రోడ్డు పక్క తోటలో ఒక పాత బావి. బోర్లు పడ్డాక ఎవరూ వాడటం లేదు. దాని ఒడ్డున చిన్నయ్య బోర్లా పడుకుని ఉన్నాడు. చేతిలో తాడు. తాడు చివర పాతాళగరిగె, బావిలో పడ్డ చేదల్ని తీసే కొక్కేల గుత్తి. దాన్ని లోపల అటూ ఇటూ లాగుతున్నాడు. నెమ్మదిగా, జాగ్రత్తగా, దేనికైనా తగిలితే నొప్పి పుడుతుందేమో అన్నట్టుగా.

ఆమె బండి ఆపింది. కాలు నేల మీద పెట్టింది. ఒక్క మాట చాలు. పిలిచి, లే, ఇంటికి పో అనడానికి ఎంతసేపు. అతను తల ఎత్తకముందే బండి ముందుకి పోనిచ్చింది.

ఆ రోజు జోజమ్మ ఫోనుకి చేసి వెంకటలక్ష్మిని అడిగింది, బతికున్నావన్న సంగతి వరకూ చెప్పనా అని. బావి దగ్గర చూసింది కూడా చెప్పింది.



"ఏ బావండీ?"

షాలోమి చెప్పింది.

"ఆ బావిలో నీళ్లు లేవు కదా మేడంగారూ." వెంకటలక్ష్మి చిన్నగా నవ్వింది. నవ్వులా ఉంది. "పైనుంచి చూస్తే అడుగు కనబడుద్ది. గరిగె దేనికి?"

"ఏమో. మనిషికి మతి పోయి ఉంటుంది."

"పోయి ఉంటుంది. మీరు రోజూ పోయే రోడ్డు పక్కన బావే దొరికింది మతి పోయినోడికి. బతికుందని తెలిస్తే వెతుకుతాడండి. చచ్చిందనుకుంటే ఏడుస్తాడు. ఏడవనీయండి."

*

నాటువైద్యుడు కట్టిన కట్టు సరిగా అతకలేదు. ఎముక వంకరగా కూడింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. ఏలూరులో ఎముకల డాక్టరు చూసి, మళ్లీ విరిచి ప్లేటు వేయాలన్నాడు. ఏప్రిల్‌లో ఒక బుధవారం ఆపరేషన్ అనుకున్నారు. వెంకటలక్ష్మికి మత్తు అంటే భయం. మత్తిస్తే లేవనేమో అని మూడుసార్లు అడిగింది. సంతకం పెట్టడానికి తన మనిషంటూ ఎవరూ లేకపోతే జోజమ్మే పెట్టింది.

ముందు రోజు మంగళవారం. రసాలు కోతకొచ్చాయి. గ్లోరీ అమ్మగారి వరండాలో ఒక మూల ఎవరో తెచ్చిన కాయలు ఎండుగడ్డిలో మాగుతున్నాయి. పాట అయింది. మనవులు మొదలయ్యాయి. ఒకావిడ అల్లుడి ఉద్యోగం. ఒకావిడ మోకాలు. షాలోమి వంతు వచ్చేసరికి షీబా అలవాటుగా పెన్ను దాటించింది.

"నాకొక మనవి ఉంది," అంది షాలోమి.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు.

"ఒక సోదరి. రేపు ఆపరేషన్. చెయ్యికి. భయపడుతోంది."

చెప్పి ఆమె పైటతో కళ్లు ఒత్తుకుంది. రెండు నెలలుగా ఒక్కతే మోస్తున్నది అది. పక్కావిడ వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"పేరేంటక్కా?" అంది షీబా పెన్ను పట్టుకుని.

"పేరు చెప్పకూడదు."

"పేరు వద్దులేమ్మా," అంది గ్లోరీ అమ్మగారు మెత్తగా. "ఊరన్నా చెప్పు. ఎక్కడ ఉన్న బిడ్డ కోసం అడుగుతున్నామో తెలియాలి కదా. ఊరు తెలిస్తే భారం వస్తుంది. భారం లేకుండా పైపైన ప్రార్థన చేయలేం."

అది వాళ్ల పద్ధతి. ఎప్పటినుంచో ఉన్నదే. మనిషి బరువు కొంచెమైనా చేతికి తెలిస్తేనే ఎత్తగలరు. వీపు మీది చెయ్యి అలాగే ఉంది.

"చింతలపూడిలో ఉంటోంది," అంది షాలోమి.

షీబా రాసుకుంది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆ రోజు గ్లోరీ అమ్మగారు చాలాసేపు ప్రార్థన చేసింది. చింతలపూడిలో ఉన్న నీ కుమార్తె చెయ్యిని నీ చేతిలోకి తీసుకో అంది. అందరూ ఆమెన్ అన్నారు. షాలోమి ఇంటికి వెళ్లి, చాలా రోజుల తర్వాత, కడుపునిండా అన్నం తింది.

ఆపరేషన్ బాగా జరిగింది. శనివారం వెంకటలక్ష్మి ఏలూరు నుంచి హాస్టలుకి తిరిగి వచ్చింది.

*

ఆ వచ్చిన సోమవారం బెంచీ ఖాళీగా ఉంది. షాలోమి రెండుసార్లు బయటికి వచ్చి చూసింది. పదింటికి ఫోన్ మోగింది.

"షాలోమమ్మా," అంది జోజమ్మ. "ఇక్కడ గేటు ముందు ఎవడో కూర్చున్నాడు. పొద్దున్న ఫస్టు బస్సుకి దిగాడంట. ఒళ్లో సంచి. వెంకటలక్ష్మి కిటికీలోంచి చూసింది."

"ఇప్పుడేం చేస్తోంది?"

"కిటికీ కింద నేల మీద కూర్చుంది. లేవమంటే లేవడం లేదు. బాత్రూముకి పాక్కుంటూ వెళ్లొచ్చింది. ఒంటిచేత్తో."

షాలోమి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే జోజమ్మ వెనక గోడ తలుపులోంచి వెంకటలక్ష్మిని పక్క వీధిలో ఒక టీచరమ్మ ఇంటికి చేర్చింది. చిన్నయ్య గేటు ముందే ఉన్నాడు. షాలోమిని చూసి లేచి దణ్ణం పెట్టాడు. మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. సంచిలో రెండు చీరలు, పైన నాలుగు రసాలు.

"మీరు చెప్పలేదండి. మీ ఉద్యోగం మీది, నాకు కోపం లేదు. మీ మందిరం వాళ్లు చల్లగా ఉండాలి."

"మా మందిరం వాళ్లా?"

"షీబమ్మగారండి. మా తోటలోనే కాయ ఏరుతుంది కదా. బుధవారం కాయల రాశి దగ్గర నన్ను చూసి, ఏడవకు చిన్నయ్యా, మీ ఆవిడ గురించే అయి ఉంటుంది, చెయ్యికి ఆపరేషనంట, చింతలపూడిలో ఉందంట, మేమంతా నిన్న ప్రార్థన చేశాం, భయం లేదు అంది. అక్కడే కూలబడిపోయానండి. ఆ రోజు అన్నం తిన్నాను. మూడు రోజులు ఈ ఊరంతా తిరిగాను, చేతికి కట్టున్న మనిషి ఎక్కడుందని. ఆటోవాళ్లు చెప్పారు."

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. షాలోమి గేటు ఊచ పట్టుకుంది. ఎండకి కాలిపోతోంది. చెయ్యి తియ్యాలని ఆమెకి తట్టలేదు.

"ఆమె ఇక్కడ లేదండి," అంది.

"ఉందండి. కిటికీలో చూశాను. కొట్టడానికి రాలేదు మేడంగారూ. చూసి వెళ్లిపోతాను."

కిందటిసారీ అలాగే అన్నాడని వెంకటలక్ష్మి చెప్పింది. చెవి మీద కొట్టాక, పుట్టింటికి వెళ్లినప్పుడు. చూసి వెళ్లిపోతానన్నాడు, తీసుకుని వెళ్లాడు.

జోజమ్మ కబురు పెడితే కానిస్టేబుల్ వచ్చి అతన్ని బస్సెక్కించాడు. అతను గొడవ చెయ్యలేదు. కాయలు గేటు దగ్గర పెట్టి వెళ్లాడు.

*

"ఆ ఏలూరు ఆస్పత్రిలో వార్డు ఆయా ఉంది చూడు," అంది జోజమ్మ తన గదిలో మంచినీళ్లు ఇస్తూ. "దానికి నోరు పెద్దది. మీదే ఊరు, మీ ఆయనెక్కడ అని నిమిషానికోసారి అడిగేది. దాని పనే ఇది. నేను వాళ్ల పెద్ద డాక్టరుకి చెబుతాను."

రామకృష్ణ ఫోన్‌లో అదే అన్నాడు. "ఆస్పత్రిలోనే ఎక్కడో పొక్కి ఉంటుంది. రిపోర్టులో అలా రాసేయండి. పదకొండేళ్లలో మీ దగ్గర నుంచి ఒక్క మాట బయటికి పోలేదు, మీ మీదకి ఎలాగూ రాదు."

షాలోమి ఫోను బల్ల మీద పెట్టింది. ఆ ఆయా పేరేంటో ఆమెకి తెలియదు. చెప్పకపోతే తెలిసేవాళ్లు లేరు. షీబాకి తాను చేసింది ఏమిటో తెలియదు. చిన్నయ్యని ఎవరూ అడగరు. మంగళవారం వెళ్లి చాప మీద కూర్చోవచ్చు. సోమవారం బల్ల దగ్గర కూర్చుని, ఈ గది దాటి ఏ మాటా పోదమ్మా, చెప్పండి అని కొత్తవాళ్లతో అనవచ్చు.

ఆ చివరి మాట మనసులో ఒకసారి అనుకుని చూసింది. అనలేకపోయింది.

"ఆయా కాదండి," అంది జోజమ్మతో. "నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లండి."

టీచరమ్మ వంటింట్లో వెంకటలక్ష్మి పీట మీద కూర్చుని ఉంది. చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. షాలోమి ఎదురుగా నేల మీద కూర్చుంది. మొత్తం చెప్పింది. కూడిక, మనవి, ఊరి పేరు. ఎందుకు చెప్పిందో చెప్పబోయి ఆపేసింది.

"మీకొక్కరికే చెప్పానండి," అంది వెంకటలక్ష్మి.

"అవును."

"అందరూ అడిగారు. మా అమ్మ అడిగింది. చెట్టు మీంచి పడ్డాననే చెప్పాను. మీకొక్కరికే చెప్పాను."

"అవును."

స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. టీచరమ్మ వచ్చి మూత తీసి, వీళ్లని చూసి, వెళ్లిపోయింది.

"ప్రార్థన నిజంగా చేశారా వాళ్లు?"

"చేశారు."

"ఏమని?"

"చెయ్యి బాగవ్వాలని. భయం పోవాలని."

వెంకటలక్ష్మి కట్టు బయట ఉన్న వేళ్ల వైపు చూసుకుంది. కొంచెం కొంచెంగా మడిచింది. నాలుగు మడుచుకున్నాయి, బొటనవేలు ఆగిపోయింది. "చెయ్యి పర్లేదండి," అంది.

షాలోమి ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి జోజమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "రేపు వేరే ఊరు పంపిస్తున్నాను. ఎక్కడికని నీకు చెప్పొద్దంటోంది. ఏమనుకోకమ్మా."

"చెప్పకండి," అంది షాలోమి.

*

రిపోర్టు ఆమే రాసింది. ఒక పేజీ. కారణం అన్న గడిలో తన పేరు రాసింది. రామకృష్ణ ఏలూరు నుంచి వచ్చి, రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరు రాయకపోతే మాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదండి."

"కొన్నాళ్లు మీరు ఎవరినీ వినకండి. రిజిస్టర్లు చూడండి. ఏలూరు నుంచి వేరే అమ్మాయి వస్తుంది. ఇది శిక్ష కాదు."

"శిక్షే అనుకోండి. పర్లేదు."

ఆమె బల్ల గోడ వైపు జరిపించారు. కొత్తమ్మాయి కర్టెన్ అవతల కూర్చుంది. గొంతులు వినబడకుండా షాలోమి ఫ్యాను ఐదులో పెట్టుకునేది.

చిన్నయ్య మళ్లీ సోమవారం వచ్చాడు.

"ఎక్కడికి మార్చారండి?"

"నాకు తెలియదండి."

అతను నవ్వాడు. "మీకు తెలియకపోవడమేంటండి." బెంచీ మీద ఎప్పటిలాగే గంటసేపు కూర్చున్నాడు. డాక్టరు దగ్గరికి ఈసారైనా వెళ్లమని ఆమె చెప్పింది. అతను వినిపించుకోలేదు. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, "చేతి వేళ్లన్నా ఆడుతున్నాయాండి?" అని అడిగాడు. షాలోమి కదలకుండా నిలబడింది.

కిందటి మంగళవారం ఆమె కూడికకి వెళ్లలేదు. ఈ మంగళవారమూ వెళ్లకూడదనుకుంది. మూడున్నరకి లేచి వెళ్లింది. పాట అయిపోయింది. షీబా చాప మీద జరిగి చోటిచ్చింది.

"రండక్కా. మీ కోసమే చూస్తున్నాం. ఆ సోదరి ఆపరేషన్ ఎలా అయింది? సాక్ష్యం చెప్పండి, నాలుగు పుస్తకాల్లో మీ మొదటి టిక్కు."

అందరి మొహాలూ ఆమె వైపు విచ్చుకుని ఉన్నాయి. అంత ప్రేమగా వాళ్లు ఆమెని ఎప్పుడూ చూడలేదు. షాలోమి నిలబడింది.

"ఆ మనవి నేను అడగకూడనిది. పుస్తకంలోంచి కొట్టేయండి. దాని గురించి ఎవరితోనూ మాట్లాడకండి, ఇంట్లో వాళ్లతో కూడా."

"ప్రార్థన మనవి కొట్టేయడమేంటమ్మా?" అంది గ్లోరీ అమ్మగారు. "ఆ బిడ్డకి ఏమైనా అయిందా?"

"చెప్పలేనండి."

"మాకు కూడానా?" అంది ఒకావిడ. "మేం బయటివాళ్లమా?"

షీబా పెన్ను మూత తీసి అలాగే పట్టుకుంది. ఆమె మొహంలో ఏదో కదిలింది. తోటలో రాశి దగ్గర ఎవరితో ఏమన్నదో గుర్తుకొచ్చినట్టుంది.

"నా వల్ల ఏమైనా అయిందా అక్కా?" అని చాలా నెమ్మదిగా అడిగింది.

అవునంటే ఆ సోదరి ఎవరో చెప్పినట్టే. కాదంటే అబద్ధం.

"నా వల్ల," అంది షాలోమి.

షీబా తల వంచి ఆ వాక్యం మీద గీత గీసింది. ఒకసారి చాలదన్నట్టు ఇంకోసారి గీసింది. చెల్లెమ్మలారా ప్రార్థన చేద్దాం అంది గ్లోరీ అమ్మగారు. అందరూ కళ్లు మూసుకున్నారు. వరసగా ఒక్కొక్కరే మొదలుపెట్టారు. అల్లుడి ఉద్యోగం, మోకాలు, ఎవరిదో బోరు పడాలని. షాలోమి కూర్చుని కళ్లు మూసుకుంది. పక్కన షీబా ఊపిరి వినబడుతోంది. షాలోమి వంతు వచ్చింది. అందరూ ఆగారు. బయట ట్రాక్టరు ఒకటి మామిడికాయల ట్రేలతో వెళ్లింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగి, అవతలివైపు కూర్చున్న ఆవిడ తన ప్రార్థన మొదలుపెట్టింది.